సార్ ఆ మాట అనలేదు

ఒక అబద్ధం చాలా ఏళ్లుగా నా లోపల ఉంది. పెద్దదేం కాదు, రెండు మూడు మాటలది. చెప్పినప్పుడు నోరు కూడా తడబడలేదు. ఆ తర్వాతే దాని బరువు తెలిసింది. మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ ఇది చెప్పే ధైర్యమే ఉంటే సంగతి ఇంతదాకా వచ్చేది కాదు. నేను పిరికివాణ్ణి. నా బతుకులో ముఖ్యమైన పనులన్నీ భయంతోనే చేశాను. ఇది రాయడం కూడా.

మాది నస్రుల్లాబాద్ దగ్గర ఒక పల్లె. కాలువ కింద పొలం, కొంత చెరకు, ఇంటినిండా మనుషులు. సివిల్స్ రాస్తానంటే ఇంట్లో ఎవరూ కాదనలేదు. హైదరాబాద్ పంపారు. అశోక్‌నగర్‌లో కొన్నాళ్లు కోచింగ్‌కు వెళ్లాను. అక్కడి ఇరుకు గది, తిండి పడక వెనక్కి వచ్చి బాన్సువాడలో కిరాయికి ఉంటూ లైబ్రరీలో చదువుకునేవాణ్ణి. సునీత అక్కడే పరిచయమైంది. ఇది ఆమె అసలు పేరు కాదు. వర్ని వైపు ఊరు. తండ్రి లేడు. తల్లి, ఆమె మాటలో అవ్వ, కూలికి పోతుంది. నాట్ల కాలంలో ఆటోల్లో ఊరూరూ తిరిగే ఆడవాళ్ల గుంపుల్లో ఆమె కూడా ఒకతె. సునీత నన్ను అన్నా అని పిలిచేది.

ఆప్షనల్ అంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. సివిల్స్ మెయిన్స్‌లో అందరూ రాసే పేపర్లు కాక, ఎవరికి నచ్చిన సబ్జెక్టు వాళ్లు ఎంచుకుని రెండు పేపర్లు రాయాలి. అదే ఆప్షనల్. చాలామంది తేలేదీ మునిగేదీ అక్కడే. దరఖాస్తులో నింపి పంపాక మనసు మారినా లాభం లేదు. అందుకే ఈ సంవత్సరం ఫలానాది స్కోరింగ్, ఫలానాదాంట్లో మార్కులు పడటం లేదు అని హైదరాబాద్‌లో పూటకొక పుకారు పుడుతుంది. అక్కడ దాన్ని పుకారుగానే చూస్తారు. బాన్సువాడకు చేరేసరికి అది శాసనం అవుతుంది. అశోక్‌నగర్ వెళ్లొచ్చినవాడు ఏం చెప్తే అదే ఖాయం. మా లైబ్రరీలో అలా వెళ్లొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పిల్లలు నా కుర్చీ చుట్టూ చేరి ఏది పెట్టమంటావన్నా అని అడిగేవాళ్లు. ఆ అడగడం నాకు బాగుండేది. అబద్ధమెందుకు, చాలా బాగుండేది.

మేమిద్దరం సోషియాలజీ చదివేవాళ్లం. పొద్దున చదువు. తిన్నాక ఒక ప్రశ్న తీసుకుని ఇద్దరం జవాబు రాసి, కాగితాలు మార్చుకుని, ఒకరిది ఒకరం దిద్దేవాళ్లం. నావి కోచింగ్ జవాబులు. ఒక నిర్వచనం, ఇద్దరు పండితుల పేర్లు, ఎటూ మొగ్గని ఒక ముగింపు. ఆమెకు పండితుల పేర్లు నాకన్నా తక్కువ తెలుసు. కాని ఆమె జవాబు చదువుతుంటే పుస్తకంలో ఉన్న సమాజం మనం బస్సు దిగే చోటే ఉందని అనిపించేది.

ఒకరోజు వ్యవసాయ సంబంధాల మీద ప్రశ్న తీసుకున్నాం. భూమి ఉన్నవాడికీ కూలికీ మధ్య ఏం మారింది, ఏం మారలేదు అని. ఆమె కాగితం నా చేతికి వచ్చింది. రైతు ఇంటి వెనక కొట్టం చూరులో ఒక స్టీలు గ్లాసు ఉంటుంది, అది కూలివాళ్ల కోసం అని రాసింది. ఇంటావిడ గ్లాసుకు తగలకుండా పైనుంచి చాయ్ పోస్తుంది. తాగినవాళ్లే కడిగి, బోర్లించి, మళ్లీ చూరులో పెట్టి పోవాలి. నాట్లు వేసే మెషీన్ వచ్చింది, కూలి పెరిగింది, చేతిలోకి ఫోన్ వచ్చింది, గ్లాసు మాత్రం చూరు దిగలేదు. ఇంచుమించు ఇవే మాటలు.

మా కొట్టం చూరులో అలాంటి గ్లాసే ఉంది. చాయ్ అలా పైనుంచి పోసేది మా అమ్మే. సునీత వాళ్లమ్మ ఏదో ఒక సంవత్సరం గుంపుతో మా పొలానికి నాట్లకు వచ్చి ఉంటుంది, ఆ గ్లాసుతో తాగి ఉంటుంది, ఇంటికి పోయి బిడ్డకు చెప్పి ఉంటుంది. నాకు అలాగే తోచింది. తోచడం కాదు, నమ్మేశాను. ఇంకో రకంగా ఆలోచించనే లేదు. ఈమె ఇదంతా పరీక్షలో రాస్తుంది, రేపు ర్యాంకు వస్తే పేపరువాళ్లకు చెప్తుంది, మా ఊరి పేరు, మా ఇంటి పేరు బయటపడతాయి. సివిల్స్‌కు చదువుతున్న కొడుకున్న ఇల్లు. సమానత్వం మీద వ్యాసాలు రాసే కొడుకు. నా భయమేమీ కాగితం మీద కనపడనివ్వకుండా దిద్దడానికి కలం తీశాను. ఎర్ర సిరాతో అంచున ఒక మాట రాశాను, ఉదాహరణలు తగ్గించాలి అని.

అది ఒట్టి భయమేనా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నానో. మా ఇల్లు బయటపడుతుందనే భయం నిజమే. కాని దాని కింద ఇంకోటి ఉంది. ఆ జవాబు నేను రాయలేను. ఆ ఇంట్లో పుట్టి, రోజూ ఆ గ్లాసును చూస్తూ పెరిగి కూడా, అది రాయదగిన సంగతని నాకెప్పుడూ తట్టలేదు. ఒకే సబ్జెక్టు, ఒకే పరీక్ష, ఆమె ఇలా రాస్తుంది. అసూయ అనే మాట రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి రావడం లేదు. రాశాను, సరే.

దరఖాస్తులు పడ్డాయి. లైబ్రరీ బయట చాయ్ తాగుతూ ఏం పెడుతున్నావని అడిగాను.

"సోషియాలజీనే అన్నా. ఇగ వేరేది నాకేమొస్తది?"

"వద్దు. హైదరాబాద్‌ల మా సార్ చెప్పిండు. ఈసారి సోషియాలజీల మార్కులు పడుతలేవట. గందుల సొంత ఊరి ముచ్చట్లు రాసెటోళ్లకు ఇంకింత కోస్తున్నరట."

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "సార్ నిజంగనే గట్లన్నడా?"

"నీకు నేనెందుకు అబద్ధం చెప్త?"

గ్లాసు మళ్లీ అందుకుంది. "మంచిగైంది, ముందుగాలనే చెప్పినవ్. లేకుంటే మునిగిపోతుంటి."

నేను ఆ కోచింగ్ సార్‌తో మాట్లాడి నెలలయింది. సార్ ఎప్పుడూ ఆ మాట అనలేదు.

ఆమె జాగ్రఫీ పెట్టింది. పటాలు గీస్తే మార్కులు పడతాయని అంతకుముందు నేనే ఎప్పుడో చెప్పాను. గాలులు, శిలలు, సముద్ర ప్రవాహాలు, అన్నీ మొదటినుంచి మొదలుపెట్టింది. కష్టపడింది. నేను పక్కనే కూర్చుని చూశాను. ఆప్షనల్ వేరైంది కాబట్టి కాగితాలు మార్చుకోవడం ఆగిపోయింది. ఆమె రాత కూడా మారింది. ఎప్పుడైనా వ్యాసం చూపిస్తే, అందులో ఆమె ఉండేది కాదు. ఊళ్లు లేవు, మనుషులు లేరు. సార్ అన్నాడని నేను చెప్పిన రెండో మాట మొదటిదానికంటే లోతుగా దిగింది. అది నేను అనుకోలేదు. అనుకుని ఉంటే ఆగేవాణ్ణా? తెలియదు.

ఆ సంవత్సరం మేమిద్దరం మెయిన్స్ రాశాం. నా సోషియాలజీ రెండో పేపర్లో కూలి సంబంధాల మీద ప్రశ్న వచ్చింది. ఇక్కడ నన్ను ఆపకండి, ఒక్క ఊపిరిలో చెప్తాను. ఆమె జవాబు రాశాను. గ్లాసు, చూరు, పైనుంచి పోసే చాయ్, బోర్లించడం, అన్నీ. తెలంగాణలోని ఒక గ్రామంలో పరిశీలన అని ముందు తగిలించాను. చూరు దిగలేదు అన్న ఆమె మాటతోనే ముగించాను. ఏ మాటలకు మార్కులు కోస్తారని ఆమెను భయపెట్టానో ఆ మాటలతోనే నేను మార్కులు తెచ్చుకున్నాను.

నేను గట్టెక్కాను. కింది ర్యాంకే, అయినా సర్వీసు వచ్చింది. ఆమె ఆగిపోయింది. మార్కులు వచ్చాక చూస్తే మిగతా పేపర్లలో ఆమె నాకు దగ్గరగానే ఉంది. జాగ్రఫీ ముంచింది. బాన్సువాడలో నాకు సన్మానం చేశారు. ఆమె కూడా మాట్లాడింది. అన్న తనకు సమయానికి సలహా ఇచ్చాడనీ, తన రాతే బాగాలేదనీ మైకులో చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మెడలోని శాలువా సర్దుకుంటూ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

అప్పటినుంచి నా బతుకంతా ఒకటే ఫికర్. కోచింగ్ సెంటరువాళ్లు నా పాత జవాబులు అచ్చువేస్తామని అడిగితే పోయాయని చెప్పాను. సోషియాలజీ ఎలా చదవాలో పిల్లలకు చెప్పమని పిలిస్తే జ్వరమన్నాను. ఫోన్ తెరమీద ఆమె పేరు కనపడితే, మోగి మోగి ఆగబోయేదాకా ఎత్తను. తెలిసిపోయిందా? ఆ సార్ ఎక్కడైనా కలిశాడా? ఎత్తితే పండగ శుభాకాంక్షలే ఉంటాయి. ఆమె ఇప్పుడు మహమ్మద్ నగర్ దగ్గర ఒక ఊళ్లో పంచాయతీ కార్యదర్శి. పని చేస్తూనే మళ్లీ మళ్లీ రాసింది. ప్రతిసారీ జాగ్రఫీయే. ఇంత చదివాక మార్చడమెందుకని.

మొన్న మళ్లీ ఫోన్ చేసింది. వయసు ప్రకారం ఇదే ఆఖరు అట. దరఖాస్తు గడువు ముంచుకొచ్చింది. ఆప్షనల్ దగ్గర ఆగి కూర్చున్నాననీ, నేనేది చెప్తే అది పెడతాననీ అంది.

జాగ్రఫీయే కానివ్వమని అనబోయాను. మాట నాలుక మీదకు వచ్చింది. ఎలా ఆగిందో తెలియదు. సోషియాలజీ పెట్టమన్నాను. అప్పుడు సార్ వద్దన్నాడు కదా అని అడిగింది. సార్ అనలేదు, నేనే అన్నాను అని చెప్పాను. తర్వాత నోరు ఆగలేదు. ఆ జవాబు మా ఇంటి గురించే రాశావనుకున్నాను, మా ఇల్లు బయటపడుతుందని భయపడ్డాను, అందుకే చెప్పాను అన్నాను. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. ఆమె గొంతు మామూలుగానే వచ్చింది.

"మా అవ్వ మీ దిక్కు నాట్లకు ఎన్నడు రాలే అన్నా. గది మా ఊర్ల ఒకరింటి ముచ్చట. మీ ఇంట్ల గూడ గట్లనే ఉన్నదా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. అసలు ఎవరూ దొంగ అని కూడా అనలేదు. ఆమెకు మా ఇల్లు ఎప్పుడూ తెలియదు. లేని భయం ఒకటి కల్పించుకుని, దానికోసం ఒక మనిషి వయసంతా ఖర్చుపెట్టించాను. ఉంది అన్నాను.

ఇంకేమైనా చెప్పేదుందా అని అడిగింది. నిదానంగా, ఆఫీసులో ఎవరినో అడిగినట్టు అడిగింది. ఏమీ లేదన్నాను. సరే అని పెట్టేసింది. మళ్లీ చేయలేదు. గడువు దాటిపోయింది. ఏది నింపిందో, అసలు నింపిందో లేదో నాకు తెలియదు. చేసి అడిగే ధైర్యం లేదు.

చెప్పేది ఉంది. నా ఉద్యోగం ఆమె రాసిన మాటల మీద నిలబడి ఉంది. అది ఆమెకు చెప్పలేదు, మీకు చెప్పాను. సగం చెప్పి పెద్దమనిషిలా తప్పుకున్నాను కాబట్టి ఆమె క్షమించినా అది నాకు చెల్లదు. ఆమె క్షమిస్తానని అననూ లేదు. ఇది ఎక్కడైనా ఆమె కంట పడితే, పేరు మార్చినా రెండో పేరాలోనే పోల్చుకుంటుంది. పడుతుందేమోనని వణుకుతున్నాను. అయినా ఒక్క మాట కూడా కొట్టేయకుండా ఇలాగే ఉంచుతున్నాను.