కుండలో మూలిగిన పాట

ఆమదాలవలసలో మూతపడిన బియ్యం మిల్లును అద్దెకు తీసుకుని, కొందరు చిత్రకారులూ శిల్పులూ కలిసి ఒక సంస్థ పెట్టుకున్నారు. జానపద కళల్లోంచి కొత్త ప్రయోగాలు చేస్తారట. ప్రతివాడూ ఫోనుతో వీడియోలు తీయడం మొదలుపెట్టిన రోజులవి.

గుండెకు కట్టుకుని వాయించే రేకు తప్పెట్లను తెచ్చి గోడనిండా మేకులతో బిగించారు. అవి మోగవు. ముట్టుకోనివ్వరు. వాటి ముందు చేతులు కట్టుకుని తలలూపుతారు. మా పాస్టరు గారి ప్రసంగానికి అందులో సగం శ్రద్ధ చూపించినా మా సంఘం ఎప్పుడో బాగుపడేది.

అలాంటివాళ్లు కోటబొమ్మాళి దగ్గరున్న మా మందిరానికి వచ్చారు, మా అత్త పాట కోసం. వరినాట్లలో వాళ్లమ్మ పాడే పాట వరసలోనే ఆమె ప్రభువు మీద ఒక కీర్తన కట్టింది. చావు జబ్బు నుంచి తాను ఎలా లేచిందో, ఎవరిని ఎందుకు నమ్మిందో అంతా అందులోనే చెప్పుకుంది. ఆమె బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఆమె అన్న మాట్లాడడు, మందిరం మెట్టెక్కడు. ఆ పాట ఆయన ఒక్కసారి వినాలని ఆమె కోరిక. మిల్లులో పెట్టే ప్రదర్శనలో దాన్ని వినిపిస్తామని వాళ్లు అనగానే ఒప్పుకుంది.

"మిల్లంటే గుడీ కాదు, సర్చీ కాదు. అక్కడికైతే వస్తాడు" అంది.

సంస్థ పెద్ద ఒక గడ్డమాయన. పాటను ఒకసారి మాటలతోనూ ఒకసారి ఉత్త రాగంతోనూ పాడించుకున్నాడు. రెండూ వాడతామన్నాడు.

కబురు పంపితే ప్రదర్శనకు అన్న నిజంగానే వచ్చాడు. మిల్లు దూలాలకు కుండలు వేలాడుతున్నాయి. ఒక్కోదానిలో ఒక స్పీకరు. చెవి ఆనించి వినాలి.

మా అత్త విని మొహం చిట్లించింది. "ఓలమ్మ, ఇదేటి! పన్ను నొప్పితో నాను మూలుగుతన్నట్టున్నాది."

మాటలేవని గడ్డమాయన్ను అడిగాను.

"మాటలుంటే మతమైపోతుందండీ. రాగం అందరిదీ."

విగ్రహాలకు మొక్కేవాళ్లతో నాకు పేచీ ఉంది. కనీసం వాళ్లు మొక్కుతారు. వీళ్లు దేనికీ వంగరు, అన్నిటినీ వేలాడదీస్తారు.

ఈలోగా అన్న అదే కుండకు చెవి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"అమ్మ పాట గదే?" అన్నాడు. ఇన్నేళ్లలో చెల్లెలితో ఆయన ఆడిన మొదటి మాట.

"అవునన్నియ్యా. మాటలు నాను కట్టినాను."

"మరేవీ?"

"దేవుడి పేరున్నాదని తీసీసినారు."

ఏటేటా అమ్మవారి ఘటం నెత్తినెత్తుకునే మనిషి ఆయన. గడ్డమాయన వైపు తిరిగాడు. "రేపు మా అమ్మోరి పాటా ఇలగే తోలొలిసి ఏలాడదీత్తావేటి?"

"అదీ మా ఆలోచనలో ఉందండీ" అన్నాడాయన, సంతోషంగా.

అన్న చెల్లెల్ని చెయ్యి పట్టుకుని ధాన్యం ఆరబోసే కళ్లంలోకి తీసుకుపోయాడు. "పాడు. ఇంటాను. ఇన్నానని మీ మందలో కలిసిపోతాననుకోకు."

"ముందు ఇను."

ఆమె పాడింది, ప్రభువు పేరుతో సహా. రెండో చరణంలో గడ్డమాయన రికార్డరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇది చాలా సహజంగా ఉందట. "అమ్మా, మళ్లీ మొదటి నుంచి ఒక్కసారి..."

మా అత్త తల తిప్పలేదు. అన్న ఆ యంత్రాన్ని అరచేత్తో మూశాడు.

"ఎల్లు బాబూ, ఎల్లి నీ కుండలు సూసుకో. మా సెల్లి నాకు సెప్తన్నాది."