నిలబెట్టిన రాళ్ళు: వరదలో మార్కాపురం నుంచి మా ఊరికి నడక

ఈ నడక నేను కోరి పెట్టుకున్నది కాదు. మా మరియమ్మ పెద్దమ్మకు కంటిలో శుక్లం ఆపరేషన్ చేయించడానికి హైదరాబాదు నుంచి మూడు రోజుల సెలవు మీద మార్కాపురం వచ్చాను. ఆమెకు పిల్లలు లేరు, పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది, పిలిస్తే వచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ రాత్రే తుపాను వాన పట్టుకుంది. తెల్లారేసరికి ఎగువన చెరువు కట్ట తెగి, ఆసుపత్రి కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. కరెంటు లేదు, ఫోన్లో సిగ్నల్ లేదు, కట్టు విప్పాల్సిన డాక్టరు రానే లేదు. నర్సు కట్టు మీద పాలిథిన్ కవరు చుట్టి, ప్లాస్టర్ వేసి, "రేపటిదాకా విప్పబాకండి. మురికి నీళ్ళు పోయినాయంటే చూపు దక్కదు, ముందే చెప్తన్నా" అంది. ఆ మాటతోపాటే అందరూ ఇళ్ళకు వెళ్ళిపొమ్మని కూడా చెప్పింది. ఎట్లా వెళ్ళాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పొద్దున పది గంటలకు బస్టాండుకు చేరాం. మా ఊరు తర్లుపాడు వైపు, పన్నెండు కిలోమీటర్లు. వాగు మీద చప్టా కొట్టుకుపోయిందని ఒకాయన, లేదు లేదు ఇప్పుడే ట్రాక్టరు దాటిందని ఇంకొకాయన. రైలు ఉందన్నారు, లేదన్నారు, గిద్దలూరు దాకా వచ్చి ఆగిందన్నారు. పదిమందిని అడిగితే పది దారులు. చివరికి మస్తాన్ అనే ఆటో డ్రైవరు మూడు వందలు అడిగి, "నీళ్ళు కనపడేదాకా తీసకపోతా, ఆడి నుంచి మీ ఇష్టం భాయ్" అన్నాడు. అయిదు కిలోమీటర్లకే నీళ్ళు కనపడ్డాయి. రోడ్డు ఎర్రటి ప్రవాహంలోకి దిగి మాయమైపోయింది. అక్కడే ఒక జంట, చంకలో పాపతో, ఎటు పోవాలో తేలక నిలబడి ఉంది. మస్తాన్ ఎడమ పక్కకు చెయ్యి చూపించి, "పలకల గనుల మీదగా పోతే మెరక. అందరూ అట్లనే పోతన్నారు" అన్నాడు. పాపకు పాలు పట్టి వెనకే వస్తామని ఆ జంట చెట్టు కింద ఆగింది. మేమిద్దరం ముందు బయలుదేరాం.

నాకు నడక కొత్త కాదు. హిమాలయాల్లో నాలుగు ట్రెక్కులు చేశానని ఈ బ్లాగులోనే ఎన్నోసార్లు గొప్పలు పోయాను. కానీ ఆ గనుల్లో అరగంటకే నా బుర్ర తిరిగిపోయింది. ఎటు చూసినా నల్లటి వ్యర్థపు రాయి కుప్పలు, మధ్యలో బురద నీళ్ళు. ఏది మడుగో, ఏది దారో, ఏది యాభై అడుగుల పాత గుంతో తెలియదు. అన్నీ అంచుదాకా నిండి ఒకే రంగులో ఉన్నాయి. సూర్యుడు లేడు, మ్యాపు లేదు. ఒకే కుప్పను రెండుసార్లు దాటామనిపించింది. పెద్దమ్మకు ఒక కంటికి కట్టు, రెండో కంట్లో పొర. నీడలు తప్ప ఏమీ కనపడవు. ఆమె తల మీద గొడుగు పట్టుకుని, భుజం పట్టుకుని నడిపిస్తున్నాను. పేరుకు నడిపించేది నేనే. లోపల భయంతో చచ్చిపోతున్నాను.

అప్పుడు కనిపించాయి, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు పెద్ద పలకలు. ప్రాణం లేచొచ్చింది. కొండల్లో ఎవరైనా రాళ్ళు పేర్చారంటే దారి అటే అని అర్థం. "పెద్దమ్మా, దారి దొరికింది" అన్నాను. ముందు బురదగా ఉంది కాబట్టి ఆ మూడు పలకలూ పెరికి, ఆమె కాలు జారకుండా వరసగా పరిచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెద్దమ్మ రెండో పలక మీద అడుగు పెట్టి ఆగింది. అరికాలితో రాయిని తడిమింది.

"ఈ పలకలు ఏడియి?"

"ఇక్కడే నిలబెట్టి ఉంటే తీసి పరిచినా."

"నిలబెట్టినారా, పండబెట్టినారా?"

"నిలబెట్టినారు. అయితే ఏంది?"

ఆమె నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. "అడుగు ముందుకు ఎయ్యబాక. గొడుగు దించి చూడు."

గొడుగు మడిచి ముందున్న నీళ్ళలో గుచ్చాను. అడుగు తగల్లేదు. మోచేయి దాకా చెయ్యి ముంచినా తగల్లేదు. గొడుగు చేతిలోంచి జారి మునిగిపోయింది. అప్పుడు చెప్పింది. ఆమె పద్దెనిమిదేళ్ళు ఈ గనుల్లో రాయి మోసింది. పండబెట్టిన రాయి ఉంటే దారి, నిలబెట్టిన రాయి ఉంటే గుంత. పనివాళ్ళందరికీ తెలిసిన గుర్తే అది. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

వెనక్కి వచ్చి, ఆమె చెప్పినట్టు పండబెట్టిన రాళ్ళు వెతుక్కుంటూ కుడి పక్కకు తిరిగాం. వాన మళ్ళీ మొదలైంది. గొడుగు లేదు. నా చొక్కా విప్పి ఆమె తలకు చుట్టాను. పావుగంట ఎక్కాక మెరక మీద గట్టి నేల తగిలింది, దూరంగా మా ఊరి చర్చి శిలువ మసకమసకగా కనిపించింది. గట్టెక్కాం అనుకునేసరికి ఆమె ఆగిపోయింది.

"ఆ రాళ్ళు మళ్ళా నిలబెట్టినావా?"

లేదన్నాను. ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. నాకు కోపం నషాళానికి అంటింది. "వానలో మళ్ళీ అంత దూరమా? కన్ను పోతుంది పెద్దమ్మా. నిన్ను ఇంటికి చేర్చేదానికి కదా ఇంత తిప్పలు" అని అరిచాను.

"కన్ను నాది గదా నాయనా. ఎనక పాపతో వస్తన్నారు. నువ్వు పరిచిపెట్టినావు వాళ్ళకు."

ఆమెను అక్కడే కూర్చోమన్నాను. "గుంత అంచు ఏడుందో నీకేం తెలుసు" అని ఆమె వినలేదు. ఇద్దరం దిగాం. అప్పటికే వెనక కుప్ప అవతల పాప ఏడుపు వినిపిస్తోంది. నేను పరుగెత్తి, బురదలోంచి పలకలు లాగి, నిలబెట్టబోతే ఒకటి పడింది. "పెద్దది అడుగున పెట్టు. గుంత పక్కకు వంచు" అని ఆమె చెబుతోంది. మూడోది ఆనించాక వచ్చి, చేత్తో మూడింటినీ తడిమి చూసుకుంది.

"మీ పెదనాయనకు ఎవురూ రాళ్ళు నిలబెట్టలేదు" అంది.

పెదనాన్న గనిలో పోయాడని మాత్రమే నాకు తెలుసు. ఎట్లా పోయాడో ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఇంతలో ఆ జంట కుప్ప మలుపు తిరిగింది. ముందు నడుస్తున్న మనిషి రాళ్ళు చూశాడు. భార్యతో, "ఇటు పక్క రా, ఆడ గుంత ఉంది" అని కుడికి తిరిగాడు. అందరం కలిసే నడిచాం.

సాయంత్రం అయిదింటికి ఇల్లు చేరాం. నీళ్ళు తీశాక, మూడో రోజు ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు కట్టు విప్పాడు. కన్ను ఎర్రబడింది, చుక్కల మందు ఇంకో నెల వెయ్యాలన్నాడు, చూపు మాత్రం దక్కింది. ఆ రోజు ఎవరు ఎవర్ని ఇల్లు చేర్చారని నన్నడిగితే నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఎన్ని కొండలు ఎక్కినా, మా ఇంటి మనిషి పద్దెనిమిదేళ్ళు నడిచిన చోటు నాకు తెలియలేదు. ఆ వైపు నడిచే పని పడినవాళ్ళకు ఒకటే చెబుతాను. గనుల దగ్గర నిలబెట్టిన రాయి కనిపిస్తే ఆగండి, పక్కనుంచి పోండి. పొరపాటున చెయ్యి తగిలి పడిపోతే, ఎంత దూరం వచ్చేసినా సరే, వెనక్కి వెళ్ళి మళ్ళీ నిలబెట్టి రండి.