ఆ ‘ప్చ్’ ఏ భాషది?

సిరిసిల్లలో మా మనుమరాలు చదివే బడి నుంచి పోయిన నెల మా బిడ్డకు పిలుపు వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల, చదువులో వంక పెట్టడానికి లేదు, అల్లరీ తక్కువే, కానీ టీచరమ్మ ఏదైనా అడిగితే ‘లేదు మేడం’ అనకుండా గడ్డం పైకెత్తి, కనుబొమలు ఎగరేసి, నాలుకతో ‘ప్చ్’ అని ఊరుకుంటుందట. ఇంత చిన్న పిల్లకు అంత పొగరేమిటి, ఇంట్లో పెద్దలెవరూ చెప్పరా అని టీచరమ్మ బాధ. మా బిడ్డ ఆవిడ ముందు బుద్ధిగా తలూపి, బయటికొచ్చి నాకు ఫోను చేసి ఒకటే నవ్వు. “అంత నీ పుణ్యమే మస్కటమ్మా. నువ్వు నాకు నేర్పినవ్, నేను దానికి నేర్పిన. ఇంతకు గిది నీకు ఏడికెల్లి అచ్చింది?” అని అడిగింది. నేనూ నవ్వి, పిల్ల బువ్వ తిన్నదా అని మాట మార్చాను. ఫోను పెట్టేశాక కోరుట్లలో మా ఇంటి వసారాలో, నా గడ్డం నేనే చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, మనకు తెలిసిన ప్చ్ ఒకటే. పొయ్యి మీద పాలు విరిగినా, పక్కింటామె మగడు మంచాన పడ్డా, వానలు వెనకపట్టినా, తల కాస్త వంచి ‘ప్చ్’ అంటాం. అయ్యో పాపం, ఏం చేస్తాం, మన చేతుల్లో ఏముంది అన్నవన్నీ అందులోనే వచ్చేస్తాయి. అది జాలి మాట. మా మనుమరాలిది ఆ ప్చ్ కాదు. గడ్డం పైకి లేస్తే అది గ్రీకు దేశపు ప్చ్. లేదు, కాదు, వద్దు అని దానికర్థం. ఆ దేశంలో, ఆ దేశపు మనిషితో, నేనొక ఎండాకాలం కాపురమున్నాను. మొన్నటిదాకా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా అక్క బతికి ఉన్నంతకాలం చెప్పగలిగే మాట కాదు, ఆమె పోయి ఇప్పటికి ఏడాది అయింది.

మాది రాయికల్ దగ్గర పల్లె. గుంటెడు భూమి లేని ఇల్లు. అమ్మా అక్కా బీడీలు చుట్టి నన్ను జగిత్యాలలో నర్సు చదువు చదివించారు. పెళ్ళయిన నాలుగో ఏట మా ఆయన పచ్చకామెర్లతో పోయాడు, నా చేతిలో రెండేళ్ళ ఆడపిల్ల. అక్కను కోరుట్లలో ఇచ్చారు, పదేళ్ళయినా ఆమెకు కడుపు పండలేదు. మస్కట్‌లో ఆసుపత్రి ఉద్యోగం దొరికినప్పుడు నా బిడ్డను తెచ్చి ఆమె ఒడిలో పెట్టి పోయాను. ఏడాది తిరక్కుండానే పిల్ల అక్కను అమ్మా అనడం మొదలుపెట్టింది, నేను మస్కటమ్మనయ్యాను. ఆ పేరు పెట్టింది అక్కే, చెడ్డ మనసుతో కాదు, ఇద్దరమ్మలుంటే పిల్ల తికమక పడుతుందని. ఇప్పటికీ నా బిడ్డకు నేను మస్కటమ్మనే. అలవాటైపోయింది, బాధేం లేదు అని రాద్దామనుకున్నాను, కానీ ఈ వయసులో అబద్ధమెందుకు, ఉంది.

ఆ గ్రీకు మనిషి మస్కట్‌లో ఓడలు బాగుచేసే యార్డులో మెకానిక్కు. ఆవిరి గొట్టం పగిలి ఎడమ చేయి మోచేతి దాకా కాలి మా వార్డుకు వచ్చాడు. మందు పడ్డాక, ఇంకా నొప్పిగా ఉందా అని అడిగాను. గడ్డమెత్తి ‘ప్చ్’ అన్నాడు. అయ్యో, మాట కూడా రానంత నొప్పి కాబోలనుకుని ఇంకో బిళ్ళ ఇచ్చాను. సాయంత్రం అడిగితే మళ్ళీ ప్చ్, మళ్ళీ బిళ్ళ. మనిషి రెండు రోజులు గుర్రుపెట్టి నిద్రపోయాడు. మూడో రోజు డాక్టరు నన్ను కడిగేస్తుంటే అతనే లేచి కూర్చుని, తమ దగ్గర ప్చ్ అంటే లేదని అర్థమనీ, నొప్పి లేదనే తాను మొదటినుంచీ చెబుతున్నాననీ, సిస్టరు అంత ప్రేమగా ఇస్తుంటే కాదనలేక మింగాననీ చెప్పాడు. మరి మా దగ్గర ప్చ్ అంటే ఏమిటో నేను చెప్పాను. అయితే నువ్వు నా మీద జాలిపడ్డప్పుడల్లా నాకు వద్దన్నట్టు వినపడుతుందన్న మాట అని నవ్వాడు. రెండు ప్చ్‌లూ అతనికీ తెలుసు, నాకూ తెలుసు, ఇది గుర్తుపెట్టుకోండి.

ఆరు వారాలు కట్టు మార్చిన చేయి అది, తర్వాత ఏడాదిన్నర పాటు పట్టుకుని తిరిగిన చేయీ అదే. రెండేళ్ళకోసారి ఇచ్చే రెండు నెలల సెలవు నాకు జూన్‌లో వచ్చింది. అతని కాంట్రాక్టూ అప్పుడే ముగిసింది. ఎడారి ఇక చాలు, మా దీవికి పోయి నాన్న వదిలిపోయిన చేపల పడవ బాగుచేసుకుంటాను, నువ్వూ వచ్చి చూడు, నచ్చితేనే అన్నాడు. ఈసారి సెలవు ఇవ్వలేదని అక్కకు ఉత్తరం రాసి నేను అతని వెంట పోయాను. అబద్ధం రాస్తుంటే అక్షరాలు ఎంత గుండ్రంగా వచ్చాయో నాకింకా గుర్తే.

వాళ్ళ భాషలో ఎండాకాలాన్ని ‘కలొకేరి’ అంటారు, మంచికాలం అని అర్థమట. వినగానే నవ్వొచ్చింది. మన దిక్కు ఎండాకాలమంటే బావులెండి, వడదెబ్బకు మనుషులు రాలే కాలం, దాన్ని మంచికాలమనే వాళ్ళెట్లాంటి వాళ్ళో అనుకున్నాను. పోయాక తెలిసింది. సున్నం కొట్టిన ఇల్లు, ముందర ద్రాక్ష పందిరి, పందిరి కింద నల్లబట్టల్లో అతని తల్లి. భర్త పోయి ఇరవై ఏళ్ళయినా ఆమె నలుపు విడవలేదు. నాకూ భర్త లేడని అతను చెబితే నా పూలచీర అంచు పట్టి చూసి, మీ దగ్గర ఎంత నయం అన్నట్టు నవ్వింది. మన దగ్గర ఎంత నయమో నాకు తెలుసు గానీ నేనూ నవ్వి ఊరుకున్నాను. ఊరి కళ్ళకోసం నాకు లోపలి గది, అతనికి డాబా మీద పడక ఇచ్చింది. ఆ ఏర్పాటు ఎన్నాళ్ళు నిలిచిందో రాయను, అన్నీ చెప్పేస్తే నాకేం మిగులుతుంది?

ఆమెను నేను అత్తమ్మా అని పిలిచేదాన్ని. ఆ పిలుపుకు అర్థం ఆమెకు తెలియదు, అతనికీ తెలియదు, అయినా పిలిస్తే ఠక్కున పలికేది. ఆదివారం వాళ్ళ చర్చికి తీసుకుపోయేది. మేమూ కిరస్తానీలమే గానీ, మా చర్చిలో గోడకు ఒక్క శిలువ తప్ప ఏమీ ఉండదు, అక్కడ గోడల నిండా బంగారు రంగు పటాలు, వచ్చినవాళ్ళందరూ వాటిని ముద్దుపెట్టుకుని, ఇసుక పళ్ళెంలో మైనపు వత్తులు గుచ్చేవారు. అత్తమ్మ తన భర్త పేర ఒకటి, మా ఆయన పేర ఒకటి గుచ్చేది. ఆయన పేరు నన్నడిగి, నోరు తిరక్కపోయినా నేర్చుకుంది. నేనే ఆయన పేరు పైకి పలికి అప్పటికి ఎన్నేళ్ళో అయింది.

తిండి దగ్గర మాత్రం కష్టం వచ్చిపడింది. మస్కట్‌లో హిందీ అలవాటుకొద్దీ, వడ్డన చాలని నేను ‘నై నై’ అనేదాన్ని. వాళ్ళకు ‘నే’ అంటే అవును, కనుక కంచం మళ్ళీ నిండేది. చివరికి కడుపు కాపాడుకోవడానికే గడ్డమెత్తి ప్చ్ అనడం నేర్చుకున్నాను. రెండో నెల వచ్చేసరికి అది ఆవులింత వచ్చినట్టు తనంతట తానే వచ్చేది.

ఒకనాడు పెరట్లో రాళ్ళ సందున గంగవాయిలి కూర కనబడింది. మన గంగవాయిలే, అవే దళసరి ఆకులు, అదే ఎర్ర కాడ. కోరుట్ల అంగడిలో కుప్పలు పోసి అమ్మే కూర నాకంటే ముందే ఇక్కడికొచ్చి కూర్చుందేమిటని చేత్తో తడిమి చూశాను. వాళ్ళు పచ్చిదే పెరుగులో కలిపి తింటారు. నేను పప్పులో వేసి, చింతపండు లేక నిమ్మకాయ పిండి వండితే అత్తమ్మ గిన్నె తుడుచుకుని తిన్నది. నేను తినలేకపోయాను. ఆ కూర ఏరుతుంటేనే నా బిడ్డ గుర్తొచ్చింది, అక్కడికి పోయిన ఇరవై రోజులకు. ఇరవై రోజులు! తల్లినేనా నేను అనిపించింది.

పిల్ల సంగతి అతనికి మొదటినుంచీ తెలుసు. ఒకరోజు పొద్దున నన్ను కొండ మీదికి నడిపించి చిన్న తెల్లటి బడి చూపించాడు. సెలవులకు మూసి ఉంది. పిల్లలు పదకొండు మందే, పన్నెండో పిల్ల వస్తే పంతులమ్మకు సంతోషం, నేను మాట్లాడి పెట్టాను అన్నాడు. కిటికీ అద్దానికి మొహం ఆనించి లోపలికి చూశాను. చిన్న చిన్న బల్లలు. నా బిడ్డ కూర్చునే బల్ల కూడా మనసులో ఎంచుకున్నాను, కిటికీ పక్కది. ఎంచుకున్నాక భయమేసింది. పిల్లను తేవడమంటే అక్క ఒడి ఖాళీ చేయడం. అక్క అడ్డు చెప్పదు, నా భయం అదే. పిల్లకు తలదువ్వి, బట్టలు సర్ది, తనే బస్సెక్కించి, ఇంటికొచ్చి బీడీల చాట ముందు కూర్చుంటుంది. ఇప్పుడే చెప్పనక్కరలేదు, పోయే రోజు చెప్పు అన్నాడతను.

పోయే రోజు వచ్చింది. పెద్ద ఓడ ఆ దీవికి ఆనదు, దూరంగా ఆగితే చిన్న మోటారు పడవలో తీసుకుపోయి ఎక్కిస్తారు. నేను పడవలో మూటల మధ్య కూర్చున్నాను. అతను పైన రాతిగట్టు మీద నిలబడ్డాడు. మోటారు చప్పుడులో, వచ్చే మంచికాలానికి బిడ్డను తీసుకుని వస్తావా అని, నాకర్థమయ్యేటట్టు ఒక్కొక్క మాట విడదీసి అడిగాడు. నేను ‘ప్చ్’ అన్నాను.

జరిగింది అంతే. ముప్పై ఏడేళ్ళుగా ఆ గట్టు కిందికి పోయి వెతుకుతూనే ఉన్నాను, ఆ ప్చ్ ఏ భాషది? నిన్ను వదిలి పోతున్నానే, ఏం చేయను అన్న మన ప్చ్ అనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. మరి గడ్డం లేచిందా? లేచే ఉంటుంది, కింద కూర్చున్నదాన్ని, పైన నిలబడ్డ మనిషిని గడ్డమెత్తకుండా ఎట్లా చూస్తాను? అతను ఏది విన్నాడో తెలియదు. కాలిన చేయి గుండె మీద పెట్టుకుని తల కొద్దిగా వంచాడు. మళ్ళీ అడగలేదు. పడవ కదిలింది.

ఉత్తరం రాసి దిద్దుకోవచ్చు కదా అని మీరంటారు. రాశాను. అతని లిపిలోనే చిరునామా బొమ్మలు గీసినట్టు గీసి, డబ్బాలో వేయకుండా పెట్టె అడుగున దాచాను. ఏడాది తిరక్కముందే ఉద్యోగం మాని ఊరికొస్తే, నా బిడ్డ అక్క కొంగు వెనక దాక్కుంది. అక్క మాటల మీద ఒక సంగతి చెప్పింది. నాకు సెలవు దొరకలేదని చెప్పినా పిల్ల నమ్మలేదట. నేను పంపిన గౌను వేసుకుని ఆ రెండు నెలలూ ఉతకనివ్వలేదట, వానకాలం కదా, మస్కటమ్మ వచ్చే రోజుకు అది ఆరకపోతే ఎట్లా అని. అక్క నవ్వుతూనే చెప్పింది. ఆ రెండు నెలలూ నేను ద్రాక్ష పందిరి కింద ఉన్నాను. ఉత్తరం తీసి పొయ్యిలో వేశాను. అవునని చెప్పే ధైర్యమూ, కాదని చెప్పే ధైర్యమూ లేనిదాన్ని, ఏ భాషదో తెలియని చప్పుడొకటి నాకు అక్కరకొచ్చింది.

జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి, కోరుట్లలో అక్క ఇంట్లోనే ఉండిపోయాను. కానీ గడ్డం నా మాట వినలేదు. ఇంకొంచెం బువ్వ పెట్టనా అని అక్క అడిగితే దానంతటదే లేచేది. నెల తిరక్కుండా పిల్ల పట్టేసింది, పిల్లను చూసి అక్క పట్టేసింది. అతను ఉన్నాడో పోయాడో నాకు తెలియదు గానీ మా ఇంట్లో మాత్రం రోజుకు పదిసార్లు కనబడేవాడు. లెక్కలు చేసినవా బిడ్డా అంటే పిల్ల గడ్డమెత్తేది, అచ్చం అతని గడ్డం, అతని కనుబొమలు. పీడకలయితే ఉలిక్కిపడి లేస్తాం, మెలకువలో వచ్చేదానికి ఏం చేయాలి?

పోయినేడు, తన చివరి రోజుల్లో అక్కకు మాట పడిపోయింది. చెంచాతో నీళ్ళు పట్టి, తాగుతవా అక్కా అని అడిగాను. కళ్ళు తెరిచి, గడ్డం వేలెడు ఎత్తి ‘ప్చ్’ అన్నది. ఆమె నోటి నుంచి వచ్చిన ఆఖరి మాట అదే. ఎవరి కోసం నేను ఆ ఒడ్డును వదులుకున్నానో ఆమె, ఆ ఒడ్డున నిలబడ్డవాడి మాటతో వెళ్ళిపోయింది. చెంచాలో నీళ్ళు తిరిగి గిన్నెలో పోశాను.

మొన్న ఆదివారం అక్క ఏడాది ప్రార్థనకు మా బిడ్డ పిల్లను తీసుకుని వచ్చింది. మరునాడు మధ్యాహ్నం ఇద్దరం చాట ముందేసుకుని గంగవాయిలి కూర ఏరుతున్నాం. ఇక దాచబుద్ధి కాలేదు. కాలిన చేయి నుంచి రాతిగట్టు దాకా అంతా చెప్పాను, గౌను సంగతీ చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె కాడలు తుంచి తుంచి, ఒక్కటే అడిగింది.

“గా దీవిల నాకు బడి ఉండెనా, మస్కటమ్మా?”

“ఉండె బిడ్డా. కిటికి పక్కపొంటి బల్ల నీకని చూసి పెట్టిన.”

ఆమె ‘ప్చ్’ అన్నది. గడ్డం ఎత్తలేదు, చాటలోని కూర వైపే తల వంచి అన్నది. ఆమెకు బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె నోట మన ప్చ్ వినడం నాకదే మొదలు.

వాకిట్లో మా మనుమరాలు సిరిసిల్లలో ఉన్న తండ్రితో ఫోనులో మాట్లాడుతోంది. సిగ్నలు సరిగా లేదేమో, “డాడీ, ఇనస్తలేదు, మళ్ళ చెప్పు, మళ్ళ చెప్పు” అని ఒకటే అరుపు. ఈ కాలం పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. మాట అందకపోతే పదిసార్లు అడుగుతారు, పదిసార్లు చెప్పించుకుంటారు, మొహం కనబడటం లేదంటే ఫోను తిప్పి చూపిస్తారు, ఎవరికీ నామోషీ లేదు. మా కాలంలో ఒక్కసారే అడిగేవారు.