ఆరో బెడ్డు తాతగారి షికారు

మూడో అంతస్తు హెడ్ సిస్టర్ దేన్నీ నమ్మదు. థర్మామీటరు నూట రెండు చూపిస్తే, ఇంకో థర్మామీటరు పెట్టి మొదటిదాని సంగతి తేల్చేది. గోడ గడియారంలో పదయితే చేతి గడియారం చూసుకుని, రెండూ కూడబలుక్కున్నాయేమోనని దారినపోయే డాక్టరును ఆపి అడిగేది. కూతురు ఫోన్ చేసి "అన్నం తిన్నానమ్మా" అంటే "ఏదీ, కంచం ఫొటో పంపు" అనేది. ఫొటో వచ్చాక అది నిన్నటి కంచమేమోనని పరీక్షగా చూసేది.

అలాంటి మనిషి దగ్గరికి రేడియో బిళ్లలు పట్టుకుని వచ్చాడు పాపం ఇంజనీరు. చక్రాల కుర్చీకి, సెలైన్ పంపుకి, రోగి మణికట్టుకి తలా ఒక బిళ్ల. ఏది ఎక్కడుందో ప్రతి వార్డులోని తెర మీదా, ఇంజనీరు ఫోన్‌లోనూ చుక్కగా కనిపిస్తుంది. సామాన్లకు ఎర్ర చుక్క, రోగులకు పచ్చ చుక్క. నెల రోజులు చూస్తామనీ, ఒక్క చుక్క అబద్ధం చెప్పినా పెట్టె సర్దుకోవాల్సిందేననీ పెద్ద డాక్టరు ముందే చెప్పారు.

"ఈ ఎర్ర చుక్క పదకొండో నంబరు కుర్చీ మేడమ్," అని చూపించాడు ఇంజనీరు.

"నువ్వు కుర్చీని చూశావా, చుక్కని చూశావా?"

"చుక్కనే మేడమ్."

"మరి కుర్చీ అంటావేం?"

మర్నాడు ఆ పదకొండో నంబరు కుర్చీయే మాయమైంది. ఇంజనీరు లిఫ్టు దగ్గర నిలబడి ఫోన్‌లో చూస్తే చుక్క లిఫ్టు దగ్గరే ఉంది. చుట్టూ చూస్తే కుర్చీ లేదు. ఎక్స్‌రే గది దగ్గర వెతుకుతుంటే అక్కడే ఉన్నట్టు చూపిస్తుంది, తీరా చూస్తే బోసి నేల. సాయంత్రం అలసిపోయి సంచీ భుజం మీంచి దింపితే, దాని అడుగున అతికించి ఉంది పదకొండో నంబరు బిళ్ల.

"కొత్తవాడివి కదా, ఎక్కడెక్కడ తిరుగుతున్నావో చూద్దామని," అంది సిస్టర్ ఏమాత్రం తొణక్కుండా. "క్యాంటీన్‌లో గంటన్నర కూర్చున్నావు."

ఆ రోజు నుంచి ఇంజనీరుకూ అనుమానం పట్టుకుంది. ఈవిడ తనను సాగనంపేదాకా నిద్రపోయేలా లేదని.

ఆ అంతస్తులో ఒక చివర మగవాళ్ల వార్డు, ఇంకో చివర ఆడవాళ్ల వార్డు. మెట్ల మీద ఒకరిని పట్టుకోబోయి ఒకరు పడి, ఇద్దరూ తుంటి విరగ్గొట్టుకున్న ముసలి దంపతులు చెరో చివర ఉన్నారు. ఆపరేషన్లు బాగానే అయ్యాయి. కానీ మామ్మగారు కాలు కింద పెట్టనన్నారు. ఈ వారంలో నడవకపోతే ఇక జీవితమంతా మంచమేనని డాక్టరు చెప్పినా, "ఆయన లేచాక లేస్తాను" అన్నదే ఆవిడ మాట. ఇంజనీరుకు జాలేసి తెర ఆవిడ మంచం వైపు తిప్పాడు.

"ఆ పచ్చ చుక్కే తాతగారు, మామ్మగారూ."

చుక్క కదల్లేదు. మామ్మగారూ కదల్లేదు.

మంగళవారం చుక్క కదిలింది. వరండా అంతా తిరిగింది, ప్రతి గది ముందూ ఆగింది. బుధవారం మామ్మగారు గోడ పట్టుకుని నాలుగడుగులు వేశారు. గురువారం వాకర్ తెమ్మన్నారు. వార్డంతా సంబరపడింది, ఒక్క ఇంజనీరు తప్ప. ఎందుకంటే చుక్క వరండాలో షికారు చేస్తున్న సమయంలోనే తాతగారు ఆరో బెడ్డు మీద గురకపెడుతుండగా అతను చూశాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి, ఫోన్‌లో చుక్కను చూసుకుంటూ పిల్లిలా వెంబడించాడు. చుక్క నర్సుల టీ గదిలోకి వెళ్లి ఆగింది. లోపల సిస్టర్ ఒక్కతే టీ తాగుతోంది.

"ఆ జేబులో ఏముందో చూపించండి మేడమ్."

సిస్టర్ కప్పు కింద పెట్టి, తాతగారి బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది.

"నా ఉద్యోగం మీద మీకెందుకింత కక్ష?"

"నీ ఉద్యోగం ఎవరిక్కావాలి? ఆయనకి జ్వరం. ఇంకో వారం దాకా లేవడు. ఆవిడకి అంత టైము లేదు."

"ఆయన చేతికి బిళ్ల లేకుండా ఏదైనా అయితే?"

"పేరు రాసి గుడ్డ పట్టీ కట్టాను. గంటకి నాలుగుసార్లు వెళ్లి చూస్తున్నాను. నీ చుక్క చూస్తుందా అన్నిసార్లు?"

ఇంజనీరు మనసులో లెక్క వేసుకున్నాడు. ఈ మాట పైకి పొక్కితే తన పెట్టె సర్దుకోవాలి. పొక్కకుండా ఉండాలంటే చుక్క ఆగాలి. ఆగితే మామ్మగారూ ఆగిపోతారు.

ఇంతలో గుమ్మం దగ్గర వాకర్ టకటకలాడింది. మామ్మగారు, చెమటలు కారుతూ, కళ్లెర్రజేసి నిలబడ్డారు.

"ఎక్కడ దాచారు ఆయన్ని?"

"ఎవర్ని మామ్మగారూ?"

"మూడు రోజుల్నించి చూస్తున్నాను. సరిగ్గా మూడయ్యేసరికి ఈ టీ గదిలో దూరుతున్నాడు. పది నిమిషాలు కదలడు. యాభై ఏళ్ల కాపురంలో నా పక్కన కూర్చుని ఒక్కసారి టీ తాగినవాడు కాదు. ఇక్కడ ఎవరితో తాగుతున్నాడో తేల్చుకోవాలనే ఇంత దూరం నడిచాను."

"ఒక్కరే వచ్చారా? నడవడం ఎవరు చూశారు?" అంది సిస్టర్ అలవాటుగా. తర్వాత బల్ల మీది బిళ్ల చూపించి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మామ్మగారు కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు.

"అయితే మేడమ్, నా సంగతేంటి?" అన్నాడు ఇంజనీరు.

"బిళ్ల ఎక్కడుంటే చుక్క అక్కడే చూపించింది. అబద్ధం నాది. పెద్ద డాక్టరుకి అలాగే రాసి సంతకం పెడతాను." ఆ సిస్టర్ సంతకమంటే ఇక పరీక్ష అవసరం లేదని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఇంజనీరు ఆ రోజు మొదటిసారి ఆవిడకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

మామ్మగారు తన మణికట్టు బిళ్ల ఊడదీసి సిస్టర్ చేతిలో పెట్టారు.

"జ్వరం తగ్గగానే తెర ఆయన వైపు తిప్పించి, దీన్ని తిప్పమ్మా. ఈ అంతస్తులోకి కొత్తగా వచ్చిన ఆ అందగాడు డాక్టరుగారి గది ముందు కాస్త ఎక్కువసేపు ఆగు. మా ఆయన పరిగెత్తుకుంటూ వస్తాడు."