సున్నపు గుట్ట నేర్పిన మంచు

మాచర్లలో ఫొటో స్టూడియో నడిపే జిలానీ మంచును కంటితో చూసి ఎరగడు. 1984 చలికాలంలో పక్కవీధి నాగరత్నం ఒక ఫొటో తెచ్చి చూపించింది. కాశ్మీరులో సిపాయిగా ఉన్న ఆమె భర్త యల్లమంద తన కెమెరాతో తీయించుకుని పంపిన ఫొటో అది. మంచంతా బూడిద రంగులో ఉంది, అతని ముఖం బొగ్గులా ఉంది.

"మంచు తెల్లగా ఉంటదంటారు గదన్నా, ఇదేంది? ఈయన్నే ఆనవాలు పట్టలేకపోతున్నా."

జిలానీకి పిడుగురాళ్ల సున్నపు బట్టీలు గుర్తొచ్చాయి. మర్నాడే బస్సెక్కి వెళ్లి, తెల్లటి సున్నపు గుట్ట ముందు ఒక కూలీని నిలబెట్టి రెండు ఫొటోలు తీశాడు. కడిగి చూస్తే, కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు చెప్పినట్టు తీసింది బూడిదలాగే వచ్చింది. లెన్సు రెండు స్టాపులు, అంటే రెండు మెట్లు, ఎక్కువ తెరిచి తీసిన దాంట్లో సున్నం తెల్లగా, మనిషి ముఖం స్పష్టంగా ఉన్నాయి.

వెంటనే యల్లమందకు ఉత్తరం రాశాడు. "బావా, అంత తెలుపు చూసి మీటరు మోసపోద్ది. అది చెప్పిందానికంటే రెండు స్టాపులు ఎక్కువ తెరువు."

నెలన్నరకు ఇంకో ఫొటో వచ్చింది. మంచు తెల్లగా మెరుస్తోంది. యల్లమంద మీసం మీది మంచు రవ్వలు కూడా కనిపిస్తున్నాయి. నాగరత్నం దాన్ని చాలాసేపు చూసింది.

"ఎంత చిక్కిపోయాడన్నా!"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, లైట్ల ముందున్న స్టూలు మీద కూర్చుంది.

"నన్నూ ఒకటి తియ్యన్నా, నవ్వుతా. నేను బాగున్నానని తెలిస్తే ఆయనకి ముద్ద దిగుద్ది."