గ్లాసు అడుగున తెల్లపొడి

ఒకామె కృతజ్ఞతను ఏళ్లుగా మోస్తున్నాను. నింద అయితే ఎప్పుడో దించుకునేవాణ్ణేమో. మార్తమ్మ ఇప్పటికీ చర్చి మెట్ల మీద నన్ను చూస్తే ఆగి వందనాలు చెబుతుంది. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో మన ఊళ్లకు దూరంగా, ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్‌లో ఒక మందుల షాపులో పనిచేసేవాణ్ణి. నా బడి చదువు సగంలోనే ఆగింది. అయినా సెలవు దొరికితే చాలు, బస్సెక్కి భవానీపూర్ లైబ్రరీకి పోయి మందుల పుస్తకాలు చదివేవాణ్ణి. రేవులో పనిచేసే మన తెలుగువాళ్లకు డాక్టరు చీటీ నేను చదివి చెబితేనే నమ్మకం. అది నాకు గర్వం.

ఆ ఏడాది ఎదురు షాపులోకి టైఫాయిడ్ క్యాప్సూళ్లు చవకగా వచ్చాయి. ఊళ్లోనే ఏదో చిన్న కంపెనీ చేసినవి. మేం అమ్మే పెద్ద కంపెనీ సరుకు అలమారాలోనే ఉండిపోయింది. ఒకరోజు ఆ చవక క్యాప్సూల్ విప్పి గ్లాసు నీళ్లలో పోశాను. పొడి కరగలేదు. అడుగున తెల్లగా నిలిచింది. సుద్ద, అన్నాను. చుట్టూ చేరినవాళ్లు నోళ్లు తెరిచారు. యజమాని భుజం తట్టాడు. అడిగినవాళ్లందరికీ అదే చేసి చూపించాను.

అంతవరకు తెలియక చేసిన పని. తర్వాత లైబ్రరీ పుస్తకంలో చదివాను: ఆ మందు స్వభావమే అంత, నీళ్లలో సులువుగా కరగదు. షాపులో ఎవరూ లేనప్పుడు మా ఖరీదైన క్యాప్సూల్ కూడా విప్పి చూశాను. అదే తెలుపు, అలాగే నిలిచింది. గ్లాసు కడిగి బోర్లించాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే మార్తమ్మ వచ్చింది. ఆమె భర్త దానియేలు రేవులో మూటలు మోసేవాడు, టైఫాయిడ్‌తో మంచమెక్కాడు. డాక్టరు రాసినన్ని క్యాప్సూళ్లూ ఎదురు షాపులో కొని, కొంగున కట్టుకుని తెచ్చింది.

"ఏటి తమ్ముడూ, సుద్దంట గదా ఇవి? నువ్వు సదూకున్నోడివి. నువ్వు ఏసుకోమంటే మీ బావకి ఏస్తాను. నేదంటే నేదు."

వేసుకోమంటే సరిపోయేది. కానీ కౌంటరు దగ్గర మరికొందరు నిలబడి నా చేతికేసి చూస్తున్నారు. గ్లాసు తీశాను.

"నువ్వే చూడక్కా," అన్నాను.

చూసింది. "జొరంతో ఉన్నోడి నోట్లో సుద్ద పోత్తారా," అని మొత్తం తీసుకెళ్లి మురికికాలువలో పారబోసింది. చేతిలో మిగిలినదానితో మా దగ్గర కొన్ని మాత్రమే కొనగలిగింది. జ్వరం తగ్గింది. క్యాప్సూళ్లు అయిపోయాయి. మళ్లీ కొనేలోగా జ్వరం తిరగబెట్టింది. దానియేలు పోయాడు.

సమాధి చేసొచ్చాక ఆమె షాపుకు వచ్చి, నేను లేకపోతే ఆయనకు ఆ నాలుగు రోజులైనా దక్కేవి కావని అందరి ముందూ చెప్పింది. తల వంచుకుని విన్నాను. ఎదురు షాపు కొన్నాళ్లకు మూతపడింది.

యజమాని చేయమన్నాడా? లేదు. నాకేమైనా ముట్టిందా? అదీ లేదు. మరెందుకు? పుస్తకాలు చదివిన మనిషినని పేరు తెచ్చుకున్నవాణ్ణి, ఆ పుస్తకమే నన్ను తప్పన్నప్పుడు నలుగురిలో ఆ మాట ఒప్పుకోలేక, చదవనట్టే ఉండిపోయాను. మొత్తం వేసుకుంటే దానియేలు బతికేవాడా? ఏమో. ఆ ఏమో దగ్గరే రోజూ ఆగిపోతాను.

మార్తమ్మకు చెప్పాలి. చెప్పలేదు. చెబుతానన్న నమ్మకం కూడా లేదు. మీకు మాత్రం చెప్పాను. ఆమె కాలువలో పోసింది మందే. నాకు తెలుసు. తెలిసే గ్లాసు తీశాను.