కట్టె ముక్కలు లేని పెట్టె

2009 ఎండాకాలం. నాచారం పారిశ్రామికవాడలో మా కన్సల్టెన్సీ ఆఫీసు, దాని వెనకే రాతి నమూనాల పెట్టెలు దాచే రేకుల షెడ్డు. అప్పటికి నేను జియాలజిస్టుగా ఆరేళ్ల అనుభవం ఉన్నదాన్ని. అన్నీ తెలుసుననుకునే వయసు.

ఆ ఏడాది పంప్‌డ్ స్టోరేజ్ ప్రాజెక్టు కోసం మూడు కొండలు చూస్తున్నాం. కరెంటు మిగిలినప్పుడు కింది రిజర్వాయర్ నీళ్లను పైదానిలోకి తోడిపెట్టి, కొరత వచ్చినప్పుడు వాటినే కిందికి వదిలి కరెంటు తీయడం ఈ పద్ధతి. ఏ కొండ మీద ఖర్చు తక్కువో మేం తేల్చాలి. రెండో కొండ నెత్తిన గిన్నెలాంటి పల్లం ఉంది. రాయి గట్టిది కాబట్టి లైనింగ్, అంటే నీళ్లు ఇంకిపోకుండా అడుగున వేసే కాంక్రీటు, అక్కర్లేదని రాశాను. దాంతో అన్నిటికన్నా చవకైనదిగా అదే తేలింది. మర్నాడే క్లయింటు వస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం యాదగిరి షెడ్డు దగ్గరికి వచ్చాడు. ఆ కొండ మీద డ్రిల్లింగ్ చేసింది అతనే. నల్లగొండ వైపు మనిషి, బోడుప్పల్‌లో కాపురం.

"మేడం, రెండో కొండనే ఖాయం జేస్తున్రంట గదా?"

"అవును యాదగిరన్నా. నీ పెట్టెలు ఎంత నిండుగా ఉన్నాయో!"

అతను తలెత్తలేదు. "గదే జెప్దామని వచ్చిన. నేను కట్టెలు పెట్టలె మేడం."

డ్రిల్లింగులో పైకి వచ్చే రాతి కడ్డీల్ని కోర్ అంటాం. వాటిని లోతు వరుసలో చెక్కపెట్టెలో పేరుస్తారు. పగుళ్ల దగ్గర రాయి నలిగి, కోర్ రాకపోతే అంత పొడవు కట్టె ముక్క పెట్టాలి. ఇక్కడ రాయి లేదని ఆ కట్టె చెబుతుంది.

"ఎందుకు పెట్టలేదు?"

"కట్టెలు ఎక్కువుంటే డ్రిల్లరుకు పని రాదంటరు. రాళ్లు దగ్గరికి జరిపిన. కానీ డ్రిల్లింగ్ జేసేటప్పుడు మేం పోసిన నీళ్లు మల్ల పైకి రాలె మేడం, లోపల్నే పోయినయ్. గంత పెద్ద రిజర్వాయర్ కడ్తే అండ్ల నీళ్లు నిలుస్తయా? నా పేరు వస్తే మాత్రం రిగ్గు మీదికెల్లి దింపుతరు."

అతని పెట్టెల్లో ఒకదాని మూత తిప్పాను. 20 నుంచి 27 మీటర్లని అతని రాతే ఉంది. పెట్టెలో పట్టేది ఐదు మీటర్లు. మూడో తరగతి పిల్లలు చేసే తీసివేత! అతను లోతు దాచలేదు, నేనే ఆఫీసులో ఫొటోలు చూసి రిపోర్టు రాసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అతను కప్పిపుచ్చింది ఉద్యోగ భయంతో, మరి నేను చేసింది? వట్టి బద్ధకం.

టేపు పట్టి ఇద్దరం పెట్టెలన్నీ కొలిచాం. సాయంత్రం మా సార్ ముందు ఆ కొలతల కాగితం పెట్టి, "తప్పు నాది సార్. లైనింగ్ ఖర్చు కలపాల్సిందే" అన్నాను.

"ఇన్నాళ్లూ లేనిది ఇవాళెవరు చెప్పారమ్మా?"

"టేపు చెప్పింది సార్."

ఆయన చెడామడా తిట్టారు కానీ, ఇంకో ప్రశ్న వేయలేదు. లైనింగ్ కలిపేసరికి రెండో కొండ మొదటి స్థానం నుంచి ఆఖరికి జారింది. రిపోర్టులు రాసే పని ఆర్నెల్లు నా చేతికి రాలేదు. అది న్యాయమే.

తర్వాత మూడో కొండ మీద డ్రిల్లింగ్ సాగింది. ఈసారి ఫొటోల కోసం ఆగకుండా నేనే వెళ్లాను. రిగ్గు మీద యాదగిరే ఉన్నాడు. మొదటి పెట్టెలో ఆరు కట్టె ముక్కలు, ఒక్కోదాని మీద నీలం పెన్సిల్‌తో లోతు.

"మస్తు కట్టెలొచ్చినయ్ మేడం, జర ఏమనకుండ్రి" అన్నాడు నవ్వుతూ.

"పని బాగా వచ్చినవాడివే అన్నా" అన్నాను. నవ్వు ఆపేసి, చేతులు తుడుచుకుంటూ అటు తిరిగాడు.

ఇప్పటికీ పెట్టె తెరిస్తే రాయికన్నా ముందు కట్టె కోసమే చూస్తాను. ఒక్కటీ కనిపించకపోతే టేపు తీస్తాను.